ఉడుతల వాటా

"ఆ సంచి ఇలా ఇవ్వు సుశీలమ్మా," అన్నాడు వెంకటరామారావు.

ఆమె ఇవ్వలేదు. కొంగు కింద దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. పక్కనే టార్పాలిన్ పరదా మీద కోకో గింజలు ఆరబోసి ఉన్నాయి. తోటలోకి ఇంకా ఎవరూ రాలేదు. పామాయిల్ మట్టల సందుల్లోంచి పొద్దు అప్పుడప్పుడే నేల మీద పడుతోంది.

"పనికి వచ్చేది తొమ్మిదింటికి కదా. ఇంత పొద్దున్నే ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఊకెనే వచ్చిన అయ్యా."

"ఊరికే వస్తే సంచి ఎందుకు?"

ఆయనే చెయ్యి చాపి లాగాడు. గోనెసంచి. దులిపి చూశాడు. ఖాళీది. నింపకముందే కంటబడింది, ఆ మాత్రం నయం అనుకున్నాడు. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. పదేళ్ళుగా ఈ తోటలో కాయ కోసి, పగలగొట్టి, గింజ ఆరబెట్టిన మనిషి.

"ఉడుతలు రాల్చినవి మీవే అన్నానా లేదా?"

"అన్నరు."

"కిలో తొమ్మిది వందలు పలికినప్పుడు పక్క తోటలవాళ్ళు అవి కూడా మావే అన్నారు. నేనన్నానా?"

"అనలే."

ఉడుత కాయకి కన్నం పెట్టి, తీపి గుజ్జు చప్పరించి, గింజను కింద పడేస్తుంది. పులియబెట్టిన గింజలా ఎర్రబడకుండా అది పాలిపోయి తెల్లగా ఉంటుంది. అలా రాలినవాటిని ఏరుకున్న ఆడవాళ్ళకే వదిలెయ్యడం ఆ తోటలో మొదట్నుంచీ ఉన్న అలవాటు.

"నువ్వు ఏరుకున్నవి రేటొస్తుందని అటక మీద దాచుకున్నావ్ కదా. అవి చాల్లేదా?"

సుశీలమ్మ వంగి పరదా అంచు సర్దింది. ఆయన ఇంకేదో అనబోతుండగా సోహైల్ ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దమ్మపేట చుట్టుపక్కల కోకో కొనేది అతనే. కాంటా దించుతూ సలాం చెప్పాడు.

"రేటెంత?"

"నిన్నటి కంటె ఇర్వై తక్వ, రావుగారు."

"మళ్ళీనా? ఏమైందయ్యా?"

"లండన్ మార్కెట్ల ఫండ్లోళ్ళు కొన్నదంత అమ్ముతున్నరట. గింజ మొకం సూడనోళ్ళు. ఫోన్ల కొంటరు, ఫోన్ల అమ్ముతరు."

"వాళ్ళక్కడ ఫోను నొక్కితే ఇక్కడ నా చెట్టు కూలాలన్నమాట."

"మీకు చెట్లన్న ఉన్నయ్. నా గోదాంల పాత రేటుకు కొన్నయి పది బస్తాలున్నయ్. నేనెవ్వరికి చెప్పుకోవాలె?"

వెంకటరామారావు నవ్వలేకపోయాడు. నిన్న సాయంత్రం తట్టలతో కొలిస్తే గింజలు నూట ఎనభై కిలోలకు మించేలా లేవు. సుశీలమ్మతో సహా పనిచేసే అయిదుగురు ఆడవాళ్ళనీ నిలబెట్టి అప్పుడే చెప్పేశాడు. ఈ రేటుకి రెండు క్వింటాళ్ళన్నా తూగకపోతే కోత ఖర్చు కూడా రాదు, కోకో చెట్లు నరికించేస్తాను, పామాయిల్ ఒక్కటీ ఉంచుకుంటాను అని. పామాయిల్ గెలలు కోసేది మగవాళ్ళు. ఆడవాళ్ళకి అందులో పని లేదు. వాళ్ళు తట్టలు బోర్లించి వెళ్ళిపోయారు. అన్న ఆ మాటే రాత్రంతా ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

"ఇక నువ్వు ఇంటికెళ్ళు సుశీలమ్మా. ఇవాళ నీకు పనేం లేదు."

"తూకం అయినంక పోత అయ్యా."

"తూకంతో నీకేంటి?"

ఆమె సోహైల్ వైపు తిరిగింది. "జల్దీ ఎయ్యి తమ్మీ."

ఫోను మోగింది. రంపం మిషను పెట్టుకున్న బాబూరావు. వెంకటరామారావు మాట్లాడుతూ గట్టు దాకా నడిచాడు. "తూకం అయ్యాక చెప్తాలే. ఆ, నువ్వు రావాల్సే ఉంటుంది. నూట యాభై చెట్లు. లేదు, ఒక్కరోజులోనే అయిపోవాలి, చూస్తూ కూర్చోలేను." వెనక సోహైల్ తట్టతో ఎత్తిపోస్తుంటే సుశీలమ్మ బస్తా మూతి పట్టుకుంది.

ఆయన తిరిగొచ్చేసరికి నాలుగో బస్తా కాంటా మీద ఉంది.

"మొత్తం రెండొందల నాలుగు," అన్నాడు సోహైల్.

"సరిగ్గా చూడు."

"సరిగ్గనే చూసిన."

"మళ్ళీ వెయ్యి."

నాలుగూ మళ్ళీ వేశాడు. అదే అంకె.

"నిన్న నూట ఎనభై లేవయ్యా. ఆరే గింజ బరువు తగ్గాలిగానీ రాత్రికి రాత్రి పెరగడమేంటి?"

"నా కాంటా తక్వ చూపిస్తదనేటోళ్ళే అంతా. ఎక్వ చూపిస్తదని కొట్లాటకొచ్చింది మీరొక్కలే, రావుగారు."

సుశీలమ్మ మెల్లగా అడిగింది. "అయితే రంపం రాదు గద అయ్యా?"

వెంకటరామారావు ఆమె వైపు చూడకుండానే తల ఊపాడు. "మాటంటే మాటే. బాబూరావుకి వద్దని చెప్తాను." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కోకో చెట్ల కింద నుంచి ఊరి దారి పట్టింది. సంచి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

సోహైల్ అలవాటు ప్రకారం ఒక బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు గింజలు తీసి ఎండలో విప్పాడు. ఎర్రటి గింజల మధ్య పాలిపోయిన తెల్లటివి.

"రావుగారు, గివి ఉడుత గింజలు గద. మీ కుప్పలకెట్ల వచ్చినయ్?"

సుశీలమ్మ ఖాళీ సంచి ఇంకా వెంకటరామారావు చేతిలోనే ఉంది.