ఆఖరి కమాను

"మా ఆయన్ని కాదు, మిమ్మల్నే అంటున్నాను! నన్ను గేటు బయట నిలబెట్టింది మీరు!"

షహీరా చేతిలోని కొయ్యసుత్తితో గేటు ఊచల మీద గట్టిగా కొట్టింది. కాపలావాడు జాహిర్ ఉలిక్కిపడ్డాడు. క్లబ్బు కార్యదర్శి ఫిక్రీ మాత్రం చల్లగా నవ్వాడు.

"మదామ్, కార్డు ఇంజనీరు రవూఫ్ బాషాది. అందులో మీరు ఆయన భార్య. నిన్న ఫోన్ చేసి, తలాక్ చెప్పేశాను, పేరు కొట్టెయ్యండి అన్నారు. కొట్టేశాం."

"లోపల అద్దాల బీరువాలో ఉన్న క్రోకే కప్పులు ఎవరు గెలిచారు? ఆయన కార్డు గెలిచిందా?"

"మీరే గెలిచారు. కాదన్నానా?"

"అయితే నా పేరు మీద కార్డివ్వండి."

"ఎలా ఇస్తాం? తలాక్ చెప్పి ఒక్కరోజేగా అయింది. మూడు నెలల గడువు దాటేదాకా ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. మొగుడున్న ఆడవాళ్లకి మొగుడి కార్డే. బంధం పూర్తిగా తెగితేనే సొంత కార్డు. అది రూలు."

"మరి ఇవాళ నేనెవర్ని?"

ఫిక్రీ గడ్డం గోక్కున్నాడు. "ఇవాళా... ఇవాళ మీరెవరూ కారు మదామ్."

ఆ మాట అనడానికి వాడికి సిగ్గు వెయ్యలేదు. రూలు రాసిన పెద్దమనుషులకీ వెయ్యలేదు. గేటు అవతల ఉన్న పచ్చికకి మాత్రం ఆమె ఎవరో తెలుసు. కొయ్యసుత్తితో బంతిని కొట్టి ఇనప కమానుల్లోంచి దూర్చే ఈ క్రోకే ఆటలో కండబలం ఎందుకూ కొరగాదు. తాత పక్కన మనవరాలు నిలబడి ఆయన్నే ఓడిస్తుంది. మగాడికో వంతు, ఆడదానికో వంతు, ఒకరి వంతు ఇంకొకరు లాక్కోవడం ఉండదు. కైరో మొత్తంలో షహీరా తన వంతు తాను తీసుకోగలిగిన చోటు అదొక్కటే. దానికే తాళం వేశారు.

లోపలినుంచి ఆమె భర్త రవూఫ్ రొప్పుతూ వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, చంకలో సుత్తి.

"ఎక్కడ చచ్చావ్? అలెగ్జాండ్రియా వాళ్లు వచ్చి కూచున్నారు. ఇవాళ ఫైనలు!"

"పేరు కొట్టేయించింది నువ్వేగా."

రవూఫ్ నుదురు కొట్టుకున్నాడు. "కోపంలో ఫైనలు సంగతే మర్చిపోయాను."

"జోడీ లేకపోతే ఓడినట్టే బాషా," అన్నాడు ఫిక్రీ.

రవూఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఫిక్రీ, జాహిర్, మీరిద్దరూ సాక్షులు. ఈమెని మళ్లీ నా భార్యగా తీసుకున్నాను. గేటు తియ్యండి."

"మబ్రూక్ బాషా, శుభం!" జాహిర్ తాళం తీస్తూ పళ్లికిలించాడు. "మీ ఇంటికి మళ్లీ వెలుగొచ్చింది!"

"నన్నెవరన్నా అడిగారా?" అంది షహీరా.

"అడగక్కర్లేదు. పద, ఆలస్యమైంది."

నిజమే, అడగక్కర్లేదు. గేటు పూర్తిగా తెరుచుకునేలోపే ఆమె మళ్లీ పెళ్లాం అయిపోయింది.

ఆట చివరిదాకా లాగింది. చెరో ఆరు కమానులు. మిగిలింది ఒక్కటే. బంతి పట్టీ పట్టనంత సందున్న ఇనప కమాను. అందులోంచి ముందు ఎవరి బంతి దూరితే కప్పు వాళ్లది. చుట్టూ కుర్చీల్లో జనం టీ తాగుతూ, గుమ్మడిగింజలు కొరుకుతూ ఒక్కో దెబ్బకీ తీర్పులు చెబుతున్నారు. ఫిక్రీ ముందు వరసలోనే ఉన్నాడు.

షహీరా నల్లబంతి కమానుకి ఎదురుగా, జానెడు దూరంలో ఉంది. కాస్త పక్కగా గుల్ఫిదాన్ పసుపు బంతి కాచుకుని ఉంది. గుల్ఫిదాన్ అలెగ్జాండ్రియా జట్టు మనిషి. అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ తాంత్, అంటే ఆంటీ.

"ఏమ్మా షహీరా, పక్కన మొగుడుంటే చెయ్యి వణుకుతోందా?"

"వణుకుతున్నవి మీ చెవిపోగులు తాంత్. ముందు అవి చూసుకోండి."

జనం గొల్లుమన్నారు. రవూఫ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నెమ్మదిగా కొట్టు. గెలిచి ఇంటికి పోదాం. ఇకనుంచి బుద్ధిగా ఉంటే నేనూ ఏమీ అనను."

"నిన్న నేను చేసిన తప్పేంటి?"

"ఎదురు మాట్లాడావ్. ఇప్పుడూ అదే చేస్తున్నావ్. కొట్టు."

షహీరా కమాను వంక చూసింది. గేటు వంక చూసింది. తర్వాత వంగి కొట్టింది.

ఠంగుమంది. నల్లబంతి ఇనప కాలికి తగిలి పక్కకి దొర్లిపోయింది. గింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది. గుల్ఫిదాన్ నోరు తెరిచి చూసి, తేరుకుని, తన పసుపు బంతిని కమానులోంచి దూర్చేసింది. అలెగ్జాండ్రియా వాళ్లు కేకలు పెట్టారు.

రవూఫ్ మొహం కందగడ్డయింది. సుత్తి విసిరికొట్టాడు.

"కళ్లు పోయాయా? జానెడు దూరం! పసిపిల్లలు కూడా వేస్తారు! ఇంతమందిలో నా పరువు తీశావ్!"

"బాషా, బాషా, శాంతించండి," ఫిక్రీ లేచి పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వు తప్పుకో! తలాక్! అందరూ విన్నారుగా? దీనికి తలాక్!"

ఎవరో ఒకావిడ "అయ్యో పాపం" అంది.

షహీరా ఏడవలేదు. నల్లబంతిని తెచ్చి, ఇందాకటి చోటనే పెట్టింది. కమాను వంకైనా చూడకుండా, ఫిక్రీ మొహంలోకి చూస్తూ, ఒంటి చేత్తో తట్టింది. బంతి ఏ కాలినీ తాకకుండా కమాను దాటిపోయింది.

"పోయినేడాది ఒకసారి, నిన్న ఒకసారి, ఇదిగో ఇప్పుడు మీ అందరి ముందూ మూడోసారి. మూడు తలాకులైతే బంధం పూర్తిగా తెగినట్టే, ఇక ఆయన నన్ను వెనక్కి తీసుకోలేడు," అంది షహీరా. "రాయండి ఫిక్రీ గారూ, ఇప్పుడే, ఇక్కడే, నా పేరు మీద కార్డు!"