సాక్షి లేని నొప్పి

"నవ్వకు. అక్కడ మాత్రం నవ్వకు తల్లీ," అంది పక్కింటి అత్త, అద్దె కారు సీటు మీద దిండు సర్దుతూ. "కిందటిసారి ఇంటికొచ్చిన తనిఖీ ఆయనకి నవ్వుతూ టీ ఇచ్చావు. ఆ టీ తాగి, 'మనిషి బానే ఉంది' అని రాసి పోయాడు."

"ఇంటికొచ్చిన మనిషిని ఏడుస్తూ పలకరిస్తారా అత్తా?"

"పింఛను కావాలంటే ఏడవాలి మరి."

తల్లి పక్కన నిలబడ్డ కూతురు నవ్వబోయి ఆపుకుంది. తలుపు పట్టుకుని ముందు ఒక కాలు లోపల పెట్టింది. ఊపిరి తీసుకుని రెండోది పెట్టింది. దుప్పట్ల మిల్లులో మూట వచ్చి నడుము మీద పడిన నాటి నుంచీ ఆ నడుము ఆమెది కాకుండా పోయింది. ఎముక అతుక్కుంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు. కనిపించని నొప్పికి వికలాంగుల పింఛను కుదరదని దరఖాస్తు కొట్టేశారు. ఇవాళ అప్పీలు.

"నువ్వూ ఎక్కు వదినా!" తల్లి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది అత్త. రోడ్డు అవతల పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది.

"ఆఁ?" అంది తల్లి.

"ఎక్కమంటున్నా!"

"ఎందుకమ్మా అంత మెల్లగా మాట్లాడతావు," అంటూ ఎక్కింది తల్లి.

"ఈవిడతో వేగుతున్నందుకే నీకు పింఛను ఇవ్వాలి," అంది అత్త.

కారు కదిలింది. తల్లి పక్కన ఉన్నా లేనట్టే మాట్లాడుకోవడం అందరికీ అలవాటైపోయింది.

"ఈ అప్పీలూ పోతే ఏం చేస్తావు?" అడిగింది అత్త.

"అద్దె కట్టలేం కదా. అన్నయ్య ఒకరికైతే చోటుందన్నాడు, రేపే వస్తానన్నాడు. అమ్మని పంపేస్తాను. నేను ఏదో ఒక అనాథాశ్రమం చూసుకుంటాను."

"అమ్మకి చెప్పావా?"

"ఎలా చెప్పను? చెవిలో అరిచి చెప్పే మాటా అది?"

తల్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఒళ్లో ఉన్న సంచి పిడి దగ్గర ఊడి వేలాడుతున్న దారాన్ని చూపుడువేలికి చుట్టుకుంటోంది. వేలు తెల్లబడేదాకా చుట్టింది.

"చెవి మిషన్ పెట్టించకపోయారా?"

"అన్నయ్య కొంటానన్నాడు. ఆవిడే వద్దంది. ఈ వయసులో కొత్తగా వినాల్సినవి ఏమున్నాయంది."

"పోనీ, నీకు నొప్పొచ్చి అరిస్తే విన్నవాళ్లు ఎవరూ లేరా? ఒక్కరు చెప్పినా చాలంటగా."

"వెనక వాటా మాది. వినడానికి అమ్మ తప్ప ఎవరున్నారు? మొదట్లో అమ్మ బెంగపడుతుందని తువ్వాలు నోట్లో కుక్కుకునేదాన్ని. పొద్దున్నే ఉతికేది ఆవిడేగా! కొసలన్నీ చిరిగి ఉంటే ఎలకలు కొరికాయని చెప్పేదాన్ని. పిచ్చిది, ఎలకల బోను కూడా తెప్పించింది. ఆ తర్వాత కొన్నాళ్లకే చెవులు పోయాయి." కూతురు గొంతు తగ్గించింది. "పాపం కదా అలా అనుకోవడం? కానీ అత్తా, అమ్మకి చెవుడు రావడమే నాకు జరిగిన మేలు. ఇప్పుడు నోరారా ఏడుస్తాను. తెల్లారి ఏమీ ఎరగనట్టు లేస్తాను."

అంటూ నవ్వింది.

"ఇదిగో, ఈ నవ్వే వద్దన్నది!" అంది అత్త. ఆమె మాత్రం కళ్లు తుడుచుకుంది.

అప్పీలు విచారించే గది పై అంతస్తులో ఉంది. మెట్లెక్కి వచ్చేసరికి కూతురి పెదవులు పాలిపోయాయి. అత్తని బయటే ఉండమన్నారు. తల్లి వెనక బెంచీ మీద, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కింద ఎవరో స్కూటర్ తుడుచుకుంటుంటే చూస్తోంది.

బల్ల వెనక ఒక డాక్టరమ్మ, పక్కనే ఒక అధికారి.

"కొంచెం ముందుకి వంగమ్మా. నొప్పిగా ఉందా?" అంది డాక్టరమ్మ.

"ఫర్లేదండీ."

"ఫర్లేదా?"

"అంటే... ఉందండీ. అలవాటైపోయింది."

"వంటా అదీ నువ్వే చేసుకుంటావా?"

"అమ్మ చేస్తుందండీ. ఒక్కో రోజు కుక్కర్ పెట్టదు. విజిల్ వినపడదు, ఎన్నొచ్చాయో తెలీదంటుంది. గిన్నెలో వండుతుంది. ఆలస్యమవుతుంది. ఆ రోజుల్లో నేను లేచేదీ ఆలస్యంగానే లెండి."

"నొప్పి ఎప్పుడు ఎక్కువ?"

"రాత్రిళ్లండీ."

"అందరూ అదే చెబుతారమ్మా. చూసినవాళ్లు, విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఇంట్లో అమ్మ ఒక్కతేనండీ. ఆవిడకి చెవుడు."

"అమ్మగారూ!" డాక్టరమ్మ గట్టిగా పిలిచింది. ఇంకా గట్టిగా మరోసారి పిలిచింది. తల్లి కదల్లేదు. అధికారి కలం మూత తీశాడు.

"పోనీండి మేడమ్," అంది కూతురు మెల్లగా. "మీరేం రాసినా నేనేం అనుకోను. త్వరగా పంపించెయ్యండి. ఇంటికెళ్లి అమ్మ బట్టలు సర్దాలి. రేపు అన్నయ్య వచ్చి తీసుకెళ్లిపోతాడు."

గోడ మీద ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. డాక్టరమ్మ ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని అధికారి వైపు వంగింది. ఆమె గొణిగిన మాట బల్లకి ఇవతల నిలబడ్డ కూతురికే సరిగా అందలేదు.

"రాత్రిళ్లు బానే నిద్రపోతుందనుకుంటా. కొట్టేద్దామా?"

కిటికీ వైపు నుంచి మొహం తిప్పకుండానే, "నిద్రపోదమ్మా," అంది తల్లి.