గుయ్‌మనే మోత

శ్రీరంగప్ప ఆంప్లిఫయర్ నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చాడు.

మోత పోలేదు.

సన్నాయి ఎంత తియ్యగా పలుకుతున్నా, దాని వెనకాల గుయ్‌మని ఒకటే మోత. చెవిలో తుమ్మెద దూరినట్టు.

ధర్మవరంలో పట్టుచీరల అంగడి మూసి ఇంటికొచ్చి, సాయంత్రం పూట వలీసాబు సన్నాయి రికార్డు వినడమే ఆయనకున్న ఒకే ఒక్క సరదా. ఆ కాస్త సరదానూ ఈ మోత మింగేస్తోంది. సినిమా పాటలు పెడితే తెలియదు. డప్పుల సందట్లో మునిగిపోతోంది కాబోలు అనుకున్నాడు.

రేడియో మెకానిక్ గౌస్ పీర్ వచ్చి అన్నీ విప్పి చూశాడు.

"మిషన్లో ఏం తప్పు లేదన్నా. భూమి ఎండిపోయిండాది కదా, ఎర్త్ అందడంల్యా. ఆ ఎర్త్ గుంటలో దినామూ నీళ్లు పొయ్యి."

పోశాడు. మోత పోలేదు గానీ భద్రమ్మ చూసింది.

"ఏమయ్యా, నీకేమన్నా పిచ్చా?" అంటూ మొగుడి చేతిలో బిందె లాక్కుంది. "వానల్లేక జనం నీళ్ల బండి కాడ జుట్లు పట్టుకుంటాంటే, నువ్వు గుంటకు తాపుతాండావా? బోరుకు మోటరు మార్చమంటే పలకవు!"

"మార్చాల్సింది మోటరు కాదు, ఇది," ఆంప్లిఫయర్ చూపించాడు శ్రీరంగప్ప. "బెంగళూరులో మంచివి వచ్చిండాయంట."

"మోటరు మారిస్తే నీళ్లొస్తాయి. దీన్ని మారిస్తే ఏమొస్తాది?"

"ఏమీ రాదు. మోత పోతాది."

అన్నాడే గానీ, నిజంగా పోతుందా? దుడ్లు దండగవుతాయా? కొనాలా, ఉన్నదాంతో సర్దుకోవాలా? అంగట్లో చీర మడత విప్పుతున్నా అదే ఆలోచన.

ఆ సాయంత్రం కూడా కిటికీ కింద బండ మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. శుక్రవారం వస్తే చాలు, అక్కడుంటాడు. మాసిన తలగుడ్డ, ఒళ్లో సంచి. ముదిగుబ్బ బస్సు కోసమేమోలే అని శ్రీరంగప్ప ఎప్పుడూ పలకరించలేదు. రికార్డు అయిపోగానే లేచి వెళ్లిపోతాడు.

ఆ రోజు ముసలాయనే నోరు విప్పాడు.

"మిషను మారుస్తారా సామీ?"

"మార్చక? ఈ మోత వినపడటంల్యా నీకు?"

"వినపడతాంది సామీ."

"కొత్తది వస్తే దీని పీడ విరగడైతాది."

ముసలాయన మొహం వాడిపోయింది.

"పూర్తిగా పోతాదా?"

"ఆనవాలు కూడా ఉండదు."

"ఉండనీ సామీ. అది పోతే సన్నాయి బోడిగా ఉంటాది."

శ్రీరంగప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంట్లో ఆమె వద్దంటాది, వీధిలో నువ్వు వద్దంటావు! ఏమప్పా, ఈ పాతదాని మీద కన్నేసినావా?"

"నాకెందుకు సామీ. మా కొట్టంలో కరెంటే లేదు."

"మరి నీకేం పని? పో, బస్సు పోతాది!"

ముసలాయన బండ మీద నుంచి లేచాడు. కిటికీ వైపు ఒక్కసారి చూసి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ కోపంలోనే శ్రీరంగప్ప తేల్చేసుకున్నాడు. తెల్లారగానే బెంగళూరు బస్సెక్కాడు.

కొత్త ఆంప్లిఫయర్ నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. ముందంతా మీటలే. శ్రీరంగప్ప చేతులు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి రికార్డు పెట్టాడు.

గుయ్.

మునుపటి కంటే స్పష్టంగా. పక్కనే ఎవరో కూర్చున్నంత దగ్గరగా.

"ఇంగ దీన్ని తీసకపోయి బోరుకు బిగించు. మోటరు మాదిరే మోగుతాంది," అంది భద్రమ్మ.

శ్రీరంగప్పకు ఏడుపొక్కటే తక్కువ. తిప్పిన మీటే తిప్పాడు. తిట్టిన కంపెనీనే తిట్టాడు. శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. బండ మీద ముసలాయన లేడు. ఉంటే నవ్వేవాడు, రాకపోవడమే మేలనుకున్నాడు.

ఒక సాయంత్రం వాకిట్లో ఒక ముసలామె నిలబడింది.

"మాది ముదిగుబ్బ నాయనా. నా పేరు మేరాజ్ బీ. మా ఇంటాయన మీ కిటికీ కింద కూర్చుంటాండె."

"ఆయప్పా? ఏం, ఇప్పుడు రాడే?"

ఆమె తలుపులోంచి లోపలికి తొంగి చూసింది.

"కొత్త మిషన్లో ఆ గుయ్‌మనేది పోయిందా నాయనా?"

పుండు మీద కారం చల్లినట్టయింది శ్రీరంగప్పకు.

"యాడ పోయింది! అన్ని దుడ్లు పోసినా ఇంకా గట్టిగా మోగుతాంది!"

ముసలామె కళ్లు వెలిగాయి.

"ఉండాదా? ఒక్కసారి వినిపీ నాయనా."

విసుక్కుంటూనే పెట్టాడు.

మేరాజ్ బీ కొంగు తల మీదికి లాక్కుంది. గడప పక్కన కూలబడి కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఏందవ్వా, సన్నాయంటే అంత ఇష్టమా?"

"సన్నాయి మా బావది నాయనా. వలీసాబు. అట్ట మీద ఆయప్ప బొమ్మ కూడా వేసినారు. ఆయన పోయి చానా ఏండ్లాయె." రికార్డు అట్ట వైపు వేలు చూపింది. "సన్నాయి వెనకాల సుతి పట్టేవాడు ఇంకొకడుంటాడు. పాట మొదలైన కాణ్ణుంచి అయిపోయేదాకా, ఆపకుండా ఒకే స్వరం ఊదుతా కూర్చోవల్ల. వాని పేరు ఎవరేస్తారు? మేళంలో వాని మొహమెవరు చూస్తారు?"

శ్రీరంగప్ప చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

మేరాజ్ బీ స్పీకరు మీద అరచెయ్యి ఆనించింది.

"'కొత్త మిషన్లో అన్న ఒక్కడే ఉంటాడంట, నేనుండనంట' అనుకుంటానే పోయిన నెల కండ్లు మూసినాడు నాయనా, మా ఇంటాయన."