గిట్టల జాడ

తెల్లారేసరికి టమాటా మడి తిరగబడి ఉంది. మొక్కలు వేళ్ళు పైకి తేలి పడున్నాయి. మెత్తటి మట్టి నిండా గిట్టల గుర్తులు.

వెల్డరు ముందు మడి చూశాడు. తర్వాత లోపలికొచ్చి పెళ్ళాం జుట్టు పట్టుకున్నాడు.

"కిటికీ పక్కనే పడుకుంటావు. పంది వచ్చి తీరిగ్గా విందు చేసుకుపోతే మెలకువ రాదా?"

 ఆమె నోరు విప్పితే రెండు ఎక్కువ పడతాయి. ఇదివరకు కూరలో ఉప్పెక్కువైందనో, చొక్కా గుండీ ఊడిందనో కొట్టేవాడు. నెల రోజులుగా ఆ వంక పందులే ఇస్తున్నాయి. తోటలో నాలుగు మళ్ళు పోయాయి. ఆమెకు ఒక పన్ను పోయింది, పక్కటెముక విరిగింది.

పక్కింటి ముసలాయన ఒకప్పుడు ఫారెస్టు గార్డు. జాడ చూడమని వెల్డరు ఆయన్ని పిలుచుకొచ్చాడు. ముసలాయన మోకాళ్ళ మీద వంగి ఒక్కో గుర్తునీ వేలితో కొలిచాడు. చాలాసేపు కొలిచాడు. తలెత్తి, గుమ్మంలో నిలబడ్డ ఆమె వాచిన కన్ను చూశాడు.

"ఏంటి మామా అంతసేపు? దాని జాతకం గానీ రాస్తున్నావా?"

"పందే అల్లుడూ," అన్నాడు ముసలాయన మట్టి దులుపుకుంటూ. "ఒంటరిది. మొండిది. మళ్ళీ వస్తుంది."

"రానీ. మాడ్చి బొగ్గు చేస్తా."

ఆ సాయంత్రమే తోట చుట్టూ మోకాలెత్తున ఇనపతీగ లాగి, ఇంట్లోంచి కరెంటు కలిపాడు. స్విచ్చు తన మంచం పక్కనే పెట్టుకున్నాడు.

"ఇంకొక్క మడి పోయిందో," పెళ్ళానికి వేలు చూపించాడు, "ఆ గుంతలో నిన్నే పాతేస్తా."

మూడో రోజు పొద్దున్నే కిటికీలోంచి చూశాడు. తీగ తీగలాగే ఉంది. లోపల క్యాబేజీ మడి తుక్కుతుక్కు.

బూతులు తిడుతూ, స్విచ్చు ఆపకుండా, చెప్పుల్లేకుండానే ఉరికాడు. చెప్పినట్టు పనిచేయని దేన్నైనా తన్నడం అతనికి అలవాటు. స్టవ్వును తన్నేవాడు, మోటారును తన్నేవాడు, పెళ్ళాన్ని తన్నేవాడు.

"దిక్కుమాలిన తీగ!" అంటూ దాన్నీ తన్నాడు.

అరుపు సగంలోనే ఆగిపోయింది. కాలిన వాసన వంటింటి దాకా వచ్చింది.

పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు గుర్తుల ముందు నిలబడి ముసలాయన్ని అడిగాడు. "పందేనంటావా పెద్దాయనా?"

"ముప్పై ఏళ్ళు ఇవే జాడలు చూశానయ్యా. పందే."

అందరూ వెళ్ళిపోయాక ఆమె పొయ్యి వెలిగించి, పిండి డబ్బా అడుగు నుంచి ఒకే ఒక్క ఎండిన పంది కాలు బయటికి తీసి, గిట్టకు అంటిన క్యాబేజీ మడి మట్టితో సహా మంటలో పెట్టింది.