చప్పుడు చేయని గుండు

జ్ఞానదాసు కరిగిన సీసం మీద తేలిన తెట్టుని గరిటెతో తీసేసి, మిగిలినదాన్ని అచ్చులో పోశాడు. కాసేపాగి అచ్చు విప్పితే గుండు తళతళలాడుతూ జారిపడింది. దువ్వాడ అవతల కొండ కింద ఉన్న రైఫిల్ క్లబ్బులో తుపాకులు బాగుచేసేది ఆయనే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో గుండ్లు పోతపోయడం మాత్రం ఇదే మొదలు.

"తూటాలో మందు తగ్గించేత్తే గురి అట్ట దాకా ఎల్తాదా బావా?" అన్నాడు క్లబ్బు సెక్రటరీ మోహన్.

"ఎల్తాది. సప్పుడు సెయ్యకుండా ఎల్తాది."

ఆ చప్పుడు సంగతి మోహన్‌కి తెలియనిది కాదు. జ్ఞానదాసు ఒక్కగానొక్క కొడుకు టిమోతి ఈ క్లబ్బులోనే గురి నేర్చి పతకాలు తెచ్చాడు. పోయిన వానాకాలం డెంగీ జ్వరం అతన్ని నాలుగు రోజుల్లో తీసుకుపోయింది. అతను పేల్చిన క్లబ్బు రైఫిల్‌తో ఇప్పుడు వేరేవాళ్ళు సాధన చేస్తున్నారు. మిగతావి టప్పుమని ఊరుకునేవే. అది పేలిందంటే మాత్రం మోత కొండకి కొట్టుకుని వచ్చి జ్ఞానదాసు ఉండే క్వార్టర్లో గిన్నెలు అదిరేవి.

సాయంత్రం నాలుగింటికి అది మోగగానే జ్ఞానదాసు భార్య పుష్పకుమారి చేతిలో పని వదిలేసి గుమ్మంలో కూలబడేది. కళ్ళ నీళ్ళు ధారగా కారిపోయేవి. ఏమయిందని అడిగితే చెప్పదు. కొడుకు పోయాక ఆమె నోట నాలుగు మాటలు రావడమే గగనమైపోయింది. కన్నకడుపు మరి. ఆ ఏడుపు ఆయన చూడలేకపోయాడు. ఓదార్చడం అంతకన్నా చేతకాదు. వచ్చిందల్లా తుపాకీ బాగుచెయ్యడం.

అందుకే ఈ సీసం గుండు. శబ్దం కన్నా నెమ్మదిగా పోతే గాలిలో కొరడా దెబ్బలాంటి ఆ మోత పుట్టదు. మోహన్ కమిటీని ఒప్పించాడు. మొదటి వారం చాలా గుండ్లు ముడతలు పడ్డాయి, మళ్ళీ కరిగించాడు. తర్వాతవి గురికి జానెడు కిందన తగిలాయి, తుపాకీ మీద గురి చూసే సైటు సరిచేశాడు. చేతులు బొబ్బలెక్కినా లెక్కచెయ్యలేదు.

చివరికి ఒకరోజు నాలుగింటికి మోహన్ ఆ రైఫిల్‌తో వరసగా పది పేల్చాడు. తలుపు గడియ వేసినంత చప్పుడు, అంతే. పదీ అట్ట మీదే పడ్డాయి.

"ఇంక అక్కకి ఇనబడదు బావా," అన్నాడు.

దేవుడికి స్తోత్రం చెప్పుకుని జ్ఞానదాసు గబగబా ఇంటికి నడిచాడు. అన్ని నెలల్లో ఆయన మనసు తేలికపడింది ఆరోజే.

పుష్పకుమారి గుమ్మంలోనే ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చాలాసేపు కొండ వైపే చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, అన్ని నెలలకి తనంతట తానే నోరు తెరిచి అడిగింది.

"మన టిమోతి గొంతు ఇయాల ఇనబడనేదేటండీ?"