అవతలి ఒడ్డు కూతురు

“ఆ అమ్మాయి పాస్‌పోర్టు మీ జేబులో ఎందుకుంది?”

తనిఖీ కిటికీలోంచి అంపాయ్ అడిగింది. ముందు నిలబడ్డ మనిషి చొక్కా జేబు తడుముకున్నాడు. అరవై దాటినట్టున్నాడు. పేరు బున్‌లెర్ట్, ఇవతలి థాయ్‌లాండ్ వాడే.

“పడవలోకి నీళ్లు చిమ్ముతున్నాయమ్మా. తడుస్తుందని నేనే తీసుకున్నాను.”

“ఏమవుతుంది మీకు?”

“కూతురు.”

ఆ మాట వినగానే పక్కనున్న అమ్మాయి తల దించేసుకుంది. లావోస్ నేత లంగా, రబ్బరు చెప్పులు, భుజాన ఒకే ఒక సంచి.

మెకాంగ్ దాటి లావోస్ నుంచి వచ్చే పడవలవాళ్లను తనిఖీ చేయడం అంపాయ్ ఉద్యోగం. అటు పెళ్లయితే ఇటువాళ్లు వంటకు వెళతారు. ఇటు చావయితే అటువాళ్లు ఏడవడానికి వస్తారు. అందరికీ ముద్ర కొట్టి పంపేస్తుంది. ఆపేది ఇలాంటి వాళ్లనే. వయసు మళ్లిన మగవాడు, నోరు విప్పని ఆడపిల్ల, ఆమె పాస్‌పోర్టు అతని జేబులో. పని ఇప్పిస్తామని చెప్పి పిల్లలను అమ్మేసేవాళ్లు ఇలాగే వస్తారు.

“ఇందులో కేసొన్ అని ఉంది. మీరేమని పిలుస్తారు?”

“పుయ్.”

అందులో తప్పు పట్టడానికేం లేదు. ముద్దుపేరు లేని మనిషి ఆ ఒడ్డునా ఉండడు, ఈ ఒడ్డునా ఉండడు.

“ఏమ్మా, నిన్ను ఇంట్లో ఏమని పిలుస్తారు?”

అమ్మాయి ముందు అతని వైపు చూసింది. ఆ తర్వాతే “పుయ్” అంది.

“ఇంటిపేరు కలవలేదే?”

“వాళ్లమ్మది పెట్టారు,” అన్నాడు బున్‌లెర్ట్.

“ముక్కూ కలవలేదు.”

“అదృష్టవంతురాలు. నా ముక్కు వచ్చుంటే పెళ్లి చేయడం నా వల్లయ్యేది కాదు.”

వెనక వరసలో ఎవరో నవ్వారు. అంపాయ్ నవ్వలేదు. అమ్మాయి చేతిలో అరటాకు పొట్లం ఉంది.

“అందులో ఏముంది?”

“వేయించిన రొయ్యలు. దానికి అవంటే ప్రాణం. అటు రేవులో కొన్నాను.”

“ప్రాణమైతే ఇంకా విప్పలేదేం?”

అమ్మాయి గబగబా పొట్లం విప్పి ఒక రొయ్య నోట్లో వేసుకుంది. మందు మింగినట్టు మింగింది. అంపాయ్ పాస్‌పోర్టులు రెండూ మూసేసింది.

“నువ్వు లోపలికి రా. మీరు ఆ బల్ల మీద కూర్చోండి.”

“నేనూ రావచ్చా అమ్మా?”

“వద్దు,” అని గుమ్మం దగ్గర కానిస్టేబుల్‌కు కళ్లతోనే సైగ చేసింది. అతను వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

గదిలోకి వచ్చేసరికే అమ్మాయి మెడ గోక్కుంటోంది. చెవుల కింద ఎర్రగా దద్దుర్లు లేస్తున్నాయి.

“రొయ్యలు పడవు కదూ నీకు?”

“పడవక్కా.”

“అతను నీ తండ్రి కాదు.”

“కాదు.”

“ఏం పని ఇప్పిస్తానన్నాడు? భయపడకు. ఈ తలుపు దాటి లోపలికి రాలేడు.”

“ఆయన తప్పేం లేదక్కా. మోసం చేస్తోంది నేను.”

అంపాయ్‌కు అర్థం కాలేదు. అమ్మాయి సంచిని ఒళ్లోకి లాక్కుంది.

“పుయ్యూ నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇద్దరికీ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. వానలకు ముందు అది జ్వరమొచ్చి చనిపోయింది. నిన్న ఎవరో తలుపు తడితే తీశాను. ‘పుయ్ ఉండే గది ఇదేనా, నేను వాళ్ల నాన్నని’ అన్నాడు. దాని చిన్నప్పుడు వదిలేసి వెళ్లిపోయిన మనిషి, అసలు పేరు కూడా గుర్తుండదనుకున్నాను. చచ్చిపోయిందని ఎలా చెప్పను? నేనే పుయ్‌ని అనేశాను.”

“అనేసి, పడవ కూడా ఎక్కేశావా?”

“ఇంటికి రమ్మన్నాడు.” అమ్మాయి గొంతు తగ్గింది. “నన్ను ఇంటికి రమ్మన్నవాళ్లు ఎవరూ లేరక్కా.”

“బాగా డబ్బున్నవాడా?”

“ట్రాక్టర్లు బాగుచేస్తాడట. గోళ్లలో గ్రీజు చూడలేదా మీరు? కొన్నాళ్లుండి, మెల్లగా నేనే చెప్పేద్దామనుకున్నాను. మీరు చెప్పకండి.”

“చెప్పకుండా ఎలా పంపను? కూతురనుకుని ఎవరినో ఇంటికి తీసుకుపోతున్నాడు పాపం. రేపు తెలిస్తే ఆయన గుండె ఆగిపోదూ?”

అంపాయ్ తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

బున్‌లెర్ట్ బల్ల మీద లేడు. లేచి కానిస్టేబుల్ పక్కన నిలబడి తలుపు వైపే చూస్తున్నాడు.

“లోపలికి వెళ్తూ మెడ గోక్కుంది. ఒంట్లో ఏమైనా బాగోలేదా దానికి?”

“ముందు మీరు కూర్చోండి బాబాయ్.”

ఆయన కూర్చున్నాడు. అంపాయ్ కానిస్టేబుల్‌ను పంపేసి ఆయన పక్కనే కూర్చుంది. ఇందాకటి నుంచి ఆయన్ను దొంగను చూసినట్టు చూసింది. ఇప్పుడు మొహంలోకి చూడలేకపోయింది.

“ఎలా చెప్పాలో తెలియడం లేదు. లోపలున్న పిల్ల మీ పుయ్ కాదు. మీ పుయ్...”

బున్‌లెర్ట్ చెయ్యి అడ్డంపెట్టాడు.

“గట్టిగా అనకండమ్మా, దానికి వినిపిస్తుంది. నిన్న ఆ ఊళ్లో దిగగానే పుయ్ పోయిందని చెప్పారు నాకు. గుడికి వెళ్లి అక్కడ ఉంచిన నా బిడ్డ అస్థికలకు దండం పెట్టుకుని, చివరిదాకా దాన్ని చూసుకున్న పిల్లకు చేతులెత్తి మొక్కుదామని ఆ తలుపు తట్టాను. తీసి, నేనే పుయ్‌ని అంది. కాదని ఎలా అనను?”