రెండో డబ్బా

"ముందు చీటీ చదువు. తర్వాతే మూత" అన్నాడు ప్రొఫెసర్ నోవాట్నీ.

కర్టిస్ బ్రెనెమన్ గ్లవ్స్ తొడుక్కున్నాడు. బల్ల మీద రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక ఫోర్సెప్స్, స్కేలు, ముక్కలు పెట్టి మూసే చిన్న పెట్టెలు రెండు, పళ్లెంలో తడిపి మడిచిన గాజుగుడ్డ. డబ్బాల్లో ఉన్నవి కోడి మాంసం ముక్కలేనని అతనికి తెలుసు. రోగుల ఒంట్లోంచి తీసినవి ఇంటర్వ్యూకి తెచ్చి పెట్టరు.

అలాంటి ముక్కల్ని పరీక్షకి సిద్ధం చేసే పాథాలజిస్టు అసిస్టెంట్ కోర్సుకి అతను దరఖాస్తు పెట్టడం ఇది మూడోసారి. సీట్లు పన్నెండు. దరఖాస్తులు రెండు వందల పైచిలుకు. ఇదే ఆఖరిసారి అని భార్య జోలీన్ తేల్చేసింది. "నువ్వు ఇంటర్వ్యూలకి వెళ్తూ ఉండు. నేను ముసలిదాన్నవుతూ ఉంటాను" అంది పొద్దున కాఫీ పోస్తూ.

బల్లకి అవతల ఇద్దరు కూర్చున్నారు. నోవాట్నీది బట్టతల, మాటకో చమత్కారం. పక్కనున్న ఆవిడకి యాభై దాటి ఉంటాయి. బూడిదరంగు శాలువా భుజాల మీదుగా బిగించి కప్పుకుంది.

"రోగుల తరఫున ఒకరు మాతో కూర్చోవాలని ఇక్కడి నియమం" అన్నాడు నోవాట్నీ. పేరు చెప్పలేదు. ఆవిడ పలకరించనూ లేదు. గదిలోకి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా కర్టిస్ మొహంలోకి చూడలేదు. చేతుల వంకే చూస్తోంది.

ఏదో లెక్క పూర్తి చేయడానికి కూర్చోబెట్టి ఉంటారు, అనుకున్నాడు.

మొదటి డబ్బా ఎత్తి పైకి చదివాడు. "ఒకటో నంబరు. ప్రూయిట్, ఐరీన్."

రెండోది ఎత్తాడు. "రెండో నంబరు. వాండర్‌హూఫ్, లెనోర్."

ఇక అతని చేతులు ఆగలేదు. మొదటి మూత తిప్పాడు. ఫోర్సెప్స్‌తో ముక్క తీశాడు. కొలిచాడు. రంగు, గట్టిదనం చెప్పాడు. పెట్టెలో పెట్టి మూశాడు. అదే ఊపులో రెండో మూత తిప్పాడు. తీశాడు, కొలిచాడు, చెప్పాడు, మూశాడు.

నోవాట్నీ గడియారం చూసుకున్నాడు. "రెండు నిమిషాలు. మా ఆవిడ సొంత వంటింట్లో కూడా కోడిని ఇంత తొందరగా తెమల్చదు అబ్బాయ్. ఇంత చురుకైన చెయ్యి చూడలేదని మీ పై అధికారి ఉత్తరంలో రాశాడు. నిజమే రాశాడు."

కర్టిస్ గుండె తేలికపడింది. పన్నెండు కుర్చీల్లో ఒకటి తనవైపు జరిగినట్టనిపించింది.

"ఎక్కడ పనిచేస్తున్నావు బాబూ?"

అడిగింది ఆవిడ. గొంతు చాలా మెత్తగా ఉంది.

"నది అవతల పెద్దాసుపత్రిలో మేడమ్. బయాప్సీ బల్ల దగ్గర. నాలుగేళ్లుగా."

"మంగళవారాలు కూడానా?"

వింత ప్రశ్న. అయినా నవ్వుతూనే జవాబిచ్చాడు. "మంగళవారమే రద్దీ మేడమ్. రొమ్ము పరీక్షల ముక్కలన్నీ ఆ రోజే వస్తాయి. నాలుగేళ్లలో ఒక్క మంగళవారం కూడా మానలేదు."

"ఆ గాజుగుడ్డ ఎందుకు పెట్టారో తెలుసా?"

కర్టిస్ పళ్లెం వైపు చూశాడు. గుడ్డ పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. మరక కూడా లేదు. అతని చెవులు వేడెక్కాయి.

"ఫోర్సెప్స్ తుడవడానికి మేడమ్. ఒక డబ్బా అయ్యాక, రెండోది తెరిచే ముందు. ఇక్కడేదో కంగారులో మర్చిపోయాను. అక్కడ మర్చిపోను."

"మర్చిపోతే ఏమవుతుంది?"

నోవాట్నీ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. కాగితాల వైపు తల దించుకున్నాడు. బయట వాన కిటికీ అద్దాన్ని గీరుతోంది.

"మొదటి ముక్కలోంచి ఆవగింజంత ఫోర్సెప్స్‌కి అంటుకుని రెండో పెట్టెలో పడొచ్చు. మొదటి ఆవిడకి క్యాన్సర్ ఉంటే, రెండో ఆవిడకీ ఉన్నట్టే రిపోర్టు వస్తుంది."

"అప్పుడు?"

"డాక్టర్లు మళ్లీ చూస్తారు. పట్టుకుంటారు మేడమ్."

"ఎప్పుడు? కోసే ముందా, కోసేశాకా?"

కర్టిస్ ఫోర్సెప్స్ తీసి పళ్లెంలో గుడ్డ పక్కన పెట్టాడు.

"మీ దగ్గర ఎప్పుడైనా అలా జరిగిందా బాబూ?"

"ఒకసారి ఏదో గొడవన్నారు. మూడేళ్లయింది. ఎవరి చేతిలో జరిగిందో తేలలేదు. పైవాళ్లు ఏదో రాజీ చేసుకున్నారు. నా చేతిలో మాత్రం కాదు."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావు?"

"నా చేతి అలవాటు నాకు తెలీదా మేడమ్?"

ఆవిడ మడత విప్పని గుడ్డని కాసేపు చూసింది. తర్వాత మొదటిసారి అతని కళ్లలోకి చూసింది.

"రెండో డబ్బా మీది పేరు ఇంకోసారి చదువు."

పరీక్ష కోసం ఎవరో కల్పించిన పేరు. దానికింత పట్టుదల ఎందుకో అర్థం కాలేదు. అయినా డబ్బా తిప్పి చదివాడు. "వాండర్‌హూఫ్, లెనోర్."

ఆవిడ మెల్లగా శాలువా తీసి కుర్చీ మీద వేసింది. ఎడమవైపు చదునుగా ఉన్న ఛాతీ మీద గుచ్చిన చీటీలో అతను ఇప్పుడే రెండుసార్లు పైకి చదివిన పేరే ఉంది.